న్యూయార్క్ సైర్ స్టేక్స్: హార్నెస్ గుర్రాల పెంపకం, పందేలపై తరచుగా అడిగే ప్రశ్నలు

నేను న్యూయార్క్ రాష్ట్ర రాజధాని ఆల్బనీకి దగ్గర్లో ఉంటాను. కొన్నేళ్ల కిందట ఆరుగురం స్నేహితులం కలిసి ఒక ఆడ గుర్రం పిల్లలో వాటా కొన్నాం. అప్పటి నుంచి వేసవి వచ్చిందంటే తెలుగు మిత్రులు ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతున్నారు. "రాష్ట్ర ప్రభుత్వం గుర్రప్పందేలకు డబ్బివ్వడమేంటండీ?" అన్నది వాటిలో మొదటిది. అందరికీ ఒకేచోట జవాబు దొరకాలని ఇది రాస్తున్నాను.

హార్నెస్ రేసు అంటే ఏమిటి? మలక్‌పేటలో చూసే రేసు లాంటిదేనా?

కాదు. మలక్‌పేటలో జాకీ గుర్రం వీపు మీద కూర్చుంటాడు, గుర్రం దౌడు తీస్తుంది. ఇక్కడ గుర్రం వెనక రెండు చక్రాల తేలికపాటి బండి ఉంటుంది. దాన్ని సల్కీ అంటారు. అందులో కూర్చుని పగ్గాలు పట్టే మనిషి డ్రైవర్. మన జట్కా గుర్తొస్తే తప్పేం లేదు. కాకపోతే ఈ బండి బరువు చాలా తక్కువ, వేగం చాలా ఎక్కువ.

అసలు తేడా నడకలో ఉంది. హార్నెస్ గుర్రం దౌడు తీయకూడదు. ట్రాట్ గానీ పేస్ గానీ చేయాలి. ట్రాట్‌లో కుడి ముందు కాలు, ఎడమ వెనక కాలు కలిసి కదులుతాయి. పేస్‌లో ఒకే పక్క కాళ్లు రెండూ కలిసి ముందుకు పోతాయి. గుర్రం నడక తప్పి దౌడులోకి వెళ్లిపోతే దాన్ని "బ్రేక్" అంటారు. అప్పుడు డ్రైవర్ పక్కకు తప్పుకుని, వేగం తగ్గించి, మళ్లీ నడకలోకి తేవాలి. ఆ తప్పుతో లాభం పొందితే వెనక్కి జరుపుతారు. గెలుపు గీత ఇరవై అడుగుల దూరంలో ఉండగా బ్రేక్ చేసిన గుర్రాన్ని చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. అమెరికాలో ఎక్కువ పందేలు పేసర్లవే.

ఈ హార్నెస్ గుర్రాల జాతికి స్టాండర్డ్‌బ్రెడ్ అని ఆ పేరెందుకు?

1879లో పెంపకందార్లు ఒక కొలత పెట్టారు. మైలు దూరాన్ని 2 నిమిషాల 30 సెకన్లలో ట్రాట్ చేయగలిగితేనే ఆ గుర్రం పేరు జాతి నమోదు పుస్తకంలోకి ఎక్కుతుంది. ఆ స్టాండర్డ్ అందుకున్నవి కాబట్టి స్టాండర్డ్‌బ్రెడ్. ఇప్పుడు ఆ కాలం ఎక్కడికో వెళ్లిపోయింది. 2022 జులైలో న్యూజెర్సీ మెడోలాండ్స్‌లో బుల్‌డాగ్ హానోవర్ అనే పేసర్ మైలును 1 నిమిషం 45.8 సెకన్లలో పూర్తి చేసింది.

ఈ జాతి కథకు పుట్టిల్లు న్యూయార్క్ రాష్ట్రమే, అందుకే ఇక్కడ కాసేపు ఆగుతాను. ఆరెంజ్ కౌంటీలో షుగర్ లోఫ్ అనే ఊరుంది. 1849 మే 5న అక్కడ ఒక మగ పిల్ల పుట్టింది. తల్లి కుంటిది. ఆ పొలంలో పనిచేసే విలియం రిస్‌డిక్ అనే కూలీ తల్లినీ పిల్లనూ కలిపి 125 డాలర్లకు కొన్నాడు. ఆ పిల్లే హాంబుల్టోనియన్. 1876లో చనిపోయేలోపు దానికి 1,331 పిల్లలు పుట్టాయని లెక్క. ఇవాళ అమెరికాలో పరుగెత్తే దాదాపు ప్రతి స్టాండర్డ్‌బ్రెడ్ వంశం దాని నలుగురు కొడుకుల ద్వారా దానికే చేరుతుంది. ఒక కూలీ చేతిలో పెరిగిన గుర్రం ఒక జాతికి మూలపురుషుడైంది. ఒక్క మగ గుర్రం ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరికి ఎంత విలువ వస్తుందో రిస్‌డిక్ పొలం అప్పుడే చూపించింది. సైర్ స్టేక్స్ పథకం ఆలోచన కూడా దాదాపు అదే.

సైర్ స్టేక్స్ అంటే ఏమిటి?

సైర్ అంటే తండ్రి గుర్రం. న్యూయార్క్‌లో ఉండి, ఇక్కడ నమోదైన తండ్రి గుర్రానికి పుట్టిన పిల్లలకు మాత్రమే పెట్టే పందేలివి. రెండేళ్ల, మూడేళ్ల వయసు గుర్రాలే పాల్గొంటాయి. బహుమతి సొమ్ము బయటి మామూలు పందేలకంటే బాగా ఎక్కువ.

దీన్ని నడిపే సంస్థ పేరు పొడుగ్గా ఉంటుంది: వ్యవసాయ, న్యూయార్క్ రాష్ట్ర అశ్వ సంతానాభివృద్ధి నిధి. అందరూ "ఫండ్" అంటారు, నేనూ అలాగే అంటాను. 1965లో చట్టం ద్వారా ఏర్పడిన ప్రజా ప్రయోజన సంస్థ ఇది. పేరులో మొదటి మాట "వ్యవసాయ" అన్నది గమనించండి. అది అలంకారం కోసం పెట్టింది కాదు.

ప్రభుత్వం దీనికి ఎందుకు సాయం చేయాలి?

ఎక్కువమంది అడిగేది ఇదే. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిందీ ఇదే.

ఒక పిల్ల గుర్రం పందెంలో మొదటిసారి నిలబడే ముందు జరిగేదంతా వరుసగా చూడండి. తల్లి గుర్రం సుమారు పదకొండు నెలలు మోస్తుంది. ఆ కాలమంతా దానికి గడ్డి, దాణా, కంచె వేసిన మైదానం, రాత్రిళ్లు చూసుకునే మనిషి కావాలి. ఈనే సమయంలో పశువైద్యుడు అందుబాటులో ఉండాలి. పిల్ల పుట్టాక ఏడాదికి పైగా పచ్చికలో పెరగాలి. తర్వాత శిక్షణ. నాడాలు కొట్టే మనిషి కొన్ని వారాలకోసారి వస్తాడు. గుర్రపు ట్రైలర్ల డ్రైవర్లు, తోలు పని చేసేవాళ్లు, ఎండుగడ్డి పండించే రైతులు, ఇలా గుర్రం చుట్టూ ఒక చిన్న ఊరే ఉంటుంది. ఒక గుర్రం పందెంలో పరుగెత్తేది రెండు నిమిషాలు కూడా కాదు. దాని వెనక మూడేళ్ల పల్లె పని ఉంది.

ఆ మూడేళ్ల పని న్యూయార్క్ పొలాల్లో జరగాలా, పెన్సిల్వేనియాలో జరగాలా, కెంటకీలో జరగాలా? గుర్రాన్ని ట్రక్కెక్కిస్తే ఎక్కడికైనా పోతుంది. పొలం పోదు. ఇక్కడ పుట్టించినందుకు ఇక్కడే పెద్ద బహుమతి ఉందంటేనే పెంపకందారు ఇక్కడ ఉంటాడు. ఇక్కడ ఉంటేనే ఆ ఎండుగడ్డి పొలం ఇళ్ల ప్లాట్లు కాకుండా మిగులుతుంది. హడ్సన్ లోయలో భూమి ధర తెలిసినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే నేనెప్పుడూ చెప్పేది: చూడ్డానికి ఈ డబ్బు గుర్రానికి ఇస్తున్నట్టుంటుంది, నిజానికి ఇచ్చేది నేలకు.

పందేలతో పాటు ఫండ్ సొమ్ములో కొంత గుర్రాల మీద పరిశోధనకు, గ్రామీణ పిల్లల 4-హెచ్ క్లబ్బుల అశ్వ కార్యక్రమాలకు, కౌంటీ ఫెయిర్లకు వెళ్తుంది.

ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? మేం కట్టే పన్నుల నుంచా?

మీ ఆదాయపు పన్ను నుంచి కాదు. రెండు ప్రధాన దారులున్నాయి. మొదటిది పాతది: హార్నెస్ పందేల మీద జనం కాసే సొమ్ములో చట్టం చెప్పిన చిన్న వాటా. రెండోది రేస్‌ట్రాకుల్లో పెట్టిన వీడియో లాటరీ మెషీన్ల రాబడిలో వాటా. ఆ మెషీన్లకు 2001లో చట్టం అనుమతించింది. సరటోగా హార్నెస్ ట్రాక్‌లో 2004 జనవరిలో మొదటివి తెరిచారు. యాంకర్స్‌లో 2006లో వచ్చాయి. వీటికి తోడు గుర్రాల యజమానులు కట్టే నామినేషన్ ఫీజులు కూడా ఆ కుండలోనే పడతాయి.

అయితే "పన్ను కాదు కాబట్టి ప్రజల డబ్బు కాదు" అనే వాదనను నేను ఒప్పుకోను. మెషీన్ల రాబడిని రాష్ట్రం బడికి ఇవ్వొచ్చు, ఆసుపత్రికి ఇవ్వొచ్చు. ఇటు ఇవ్వాలని చట్టసభ నిర్ణయించింది. జూదంలో పోగొట్టుకున్నవాళ్ల సొమ్ము కూడా అందులో ఉంది. కాబట్టి లెక్క అడిగే హక్కు ప్రజలకుంది, చెప్పే బాధ్యత మా అందరికీ ఉంది.

ఏ గుర్రానికి అర్హత ఉంటుంది?

కీలకమైన షరతు తండ్రి గుర్రానిది. ఆ సంతాన సీజన్లో అది న్యూయార్క్‌లో ఉండాలి, ఫండ్ దగ్గర నమోదై ఉండాలి. పిల్ల ఎవరిదన్నది, యజమాని ఏ రాష్ట్రం వాడన్నది ముఖ్యం కాదు. ఉదాహరణకు ఆర్ట్ మేజర్, అమెరికన్ ఐడియల్ అనే పేసింగ్ స్టాలియన్లు, అంటే సంతానం కోసం ఉంచిన మగ గుర్రాలు, వాల్‌కిల్ దగ్గరి బ్లూ చిప్ ఫామ్స్‌లో ఉండి ఈ రాష్ట్రానికి ఎన్నో పిల్లల్నిచ్చాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. థరోబ్రెడ్ గుర్రాలకు, అంటే మలక్‌పేటలో దౌడు తీసే జాతికి, కృత్రిమ గర్భధారణ నిషిద్ధం. స్టాండర్డ్‌బ్రెడ్‌లకు అనుమతి ఉంది. వీర్యాన్ని చల్లని డబ్బాలో పెట్టి కొరియర్‌లో పంపొచ్చు. అంటే తండ్రి న్యూయార్క్‌లో ఉంటూనే తల్లి ఇంకో రాష్ట్రంలో ఉండిపోవచ్చు. అప్పుడు గడ్డి డబ్బు, వైద్యుడి డబ్బు అన్నీ అక్కడే ఖర్చవుతాయి. అందుకే చాలా రాష్ట్రాలు "తల్లి కూడా ఇన్ని రోజులు ఇక్కడ ఉండాలి" అని నియమాలు తెచ్చాయి. ఈ నియమాలు రాష్ట్రాన్ని బట్టి, పిల్ల పుట్టిన సంవత్సరాన్ని బట్టి మారతాయి. మీరు కొనబోయే పిల్ల ఏ ఏడాది పుట్టిందో చూసి, ఆ ఏడాది నియమాలే చదవండి. పక్కింటాయన పాత గుర్రానికి వర్తించింది మీ గుర్రానికి వర్తించకపోవచ్చు.

సొంత తల్లిదండ్రుల పిల్లేనని ఎలా నమ్మాలి?

డీఎన్‌ఏ పరీక్ష తప్పనిసరి. దీనికి తోడు పాత గుర్రాలకు మెడ మీద ఫ్రీజ్ బ్రాండ్ ముద్ర ఉంటుంది, ఇప్పటి పిల్లలకు మైక్రోచిప్ పెడుతున్నారు. పందెం ముందు ప్రతిసారీ గుర్తింపు చూస్తారు.

నామినేషన్, వాయిదాలు అంటారు. అవేంటి?

పుట్టగానే గుర్రం తనంతట తాను అర్హత పొందదు. పిల్లగా ఉన్నప్పుడే పేరు నమోదు చేసి కొంత ఫీజు కట్టాలి. ఆ తర్వాత రెండో ఏట, మూడో ఏట అర్హత నిలబెట్టుకోవడానికి మళ్లీ మళ్లీ కట్టాలి. వీటిని సస్టెయినింగ్ పేమెంట్లు అంటారు. చివరికి పందెంలో దిగేటప్పుడు స్టార్టింగ్ ఫీజు వేరే. హార్నెస్ స్టేక్స్ లోకంలో ఫిబ్రవరి 15, మార్చి 15 లాంటి తేదీలు ఎక్కువగా కనిపిస్తాయి. కానీ ప్రతి పథకం తన తేదీలు తనే ప్రకటిస్తుంది, ఆ కాగితమే చూడాలి.

ఒక వాయిదా తప్పితే అంతే. క్షమించమని అడిగినా, రెట్టింపు కడతామన్నా సాధారణంగా దారి ఉండదు. ఇది మాకు అనుభవమే. మా మొదటి పిల్లకు రెండో ఏట ఒక చెల్లింపు ఎవరు పంపాలన్నది మాలో మేం సరిగా మాట్లాడుకోలేదు. ఇతను కట్టాడని అతను, అతను కట్టాడని ఇతను. తేదీ దాటిన మూడో రోజు తెలిసింది. ఆ వేసవంతా మా పిల్ల చిన్న పందేల్లోనే పరుగెత్తింది. తనకంటే నెమ్మదైనవి సైర్ స్టేక్స్‌లో డబ్బు తెచ్చుకుంటుంటే చూస్తూ కూర్చున్నాం. గుర్రం చేసిన తప్పేమీ లేదు. ఇప్పుడు ఒక్కరికే ఆ పని అప్పగించాం. ఆ ఒక్కరూ పంపాక రసీదు ఫొటో గ్రూపులో పెట్టాలి. వాటాల్లో గుర్రం కొనేవాళ్లకు నేనిచ్చే మొదటి సలహా ఇదే.

పందేలు ఎలా జరుగుతాయి?

రాష్ట్రంలో ఏడు హార్నెస్ ట్రాకులున్నాయి: యాంకర్స్, సరటోగా, మాంటిచెల్లో, వెర్నన్ డౌన్స్, టయోగా డౌన్స్, బటేవియా డౌన్స్, బఫలో. సైర్ స్టేక్స్ పందేలు వేసవంతా వీటి మధ్య తిరుగుతాయి. గుర్రాల్ని వయసు, ఆడా మగా, ట్రాటా పేసా అన్న లెక్కన విడదీస్తారు. రెండు వయసులు, రెండు లింగాలు, రెండు నడకలు, మొత్తం ఎనిమిది విభాగాలు. బీజం తీసిన మగవి, అంటే గెల్డింగులు, మగవాటితోనే పరుగెత్తుతాయి.

ప్రతి పందెంలో వచ్చిన స్థానానికి పాయింట్లు. సీజన్ చివర్లో ఎక్కువ పాయింట్లున్నవి ఫైనల్స్‌కి వెళ్తాయి. ఆ రాత్రికి నైట్ ఆఫ్ ఛాంపియన్స్ అని పేరు. కొన్ని సంవత్సరాల్లో ఎనిమిది ఫైనల్స్‌లో ఒక్కోదానికి 2,25,000 డాలర్ల చొప్పున పర్సు, అంటే మొత్తం బహుమతి సొమ్ము, పెట్టారు.

అన్ని గుర్రాలూ ఆ స్థాయివి కావు కదా. అందుకని కింది మెట్టుగా ఎక్సెల్సియర్ సిరీస్ ఉంది, ఇంకా కింద కౌంటీ ఫెయిర్ పందేలున్నాయి. నాకు ఈ ఫెయిర్ పందేలంటే చాలా ఇష్టం. అర మైలు మట్టి ట్రాక్, చెక్క గ్యాలరీ, పక్కనే ఆవుల పోటీ, జెయింట్ వీల్. చాలా చోట్ల బెట్టింగ్ కౌంటర్ కూడా ఉండదు. గుర్రాన్ని పెంచిన కుటుంబమే దాన్ని కడిగి, బండి కట్టి, తోలుతుంది. ఈ పథకం ఎవరి కోసమో తెలియాలంటే ఫైనల్స్ రాత్రికంటే ఫెయిర్ మధ్యాహ్నమే బాగా చెబుతుంది.

గెలిస్తే ఎంత వస్తుంది?

హార్నెస్ పందేల్లో సాధారణంగా మొదటి ఐదు స్థానాలకు 50, 25, 12, 8, 5 శాతం చొప్పున పంచుతారు. 2,25,000 డాలర్ల ఫైనల్‌లో మొదటి గుర్రానికి 1,12,500, ఐదో గుర్రానికి 11,250 డాలర్లు. అందులో ట్రైనర్‌కు 5 శాతం, డ్రైవర్‌కు 5 శాతం ఇవ్వడం రివాజు. మిగిలింది యజమానులది.

అంటే పెట్టిన డబ్బు తిరిగొస్తుందన్నమాటేగా?

రాదు అనుకునే దిగండి. కొన్న పిల్లల్లో చాలా వాటికి పందెం దాకా వచ్చే అదృష్టమే ఉండదు. మోకాలు వాస్తుంది, నడక కుదరదు, లేదా అసలు వేగమే ఉండదు. ఈలోపు నెలనెలా శిక్షణ ఖర్చు, వైద్యం ఖర్చు వస్తూనే ఉంటాయి. పథకం చేసే మేలు ఒక్కటే: సగటు గుర్రానికి కూడా పరుగెత్తేందుకు ఒక చోటు ఇస్తుంది. నష్టాన్ని తగ్గిస్తుంది, లాభానికి హామీ ఇవ్వదు. పిల్లల చదువు డబ్బు, ఇంటి డౌన్ పేమెంట్ ఇందులో పెట్టే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. "రిటర్న్స్ గ్యారంటీ" అని ఎవరైనా అంటే అక్కడే లేచి వచ్చేయండి.

వీసా మీద ఉన్నవాళ్లు వాటా కొనొచ్చా?

డబ్బు పెట్టి వాటాదారుగా ఉండటం వేరు, లాయంలో పనిచేయడం వేరు. రెండోది ఉద్యోగం కిందికి వస్తుంది. మీ వీసా ఏదైనా సరే, సంతకం పెట్టే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి అడగండి. యజమానిగా పేరు చేర్చుకోవాలంటే రాష్ట్ర గేమింగ్ కమిషన్ లైసెన్సు కూడా అవసరం. అందులో మీ వివరాల పరిశీలన ఉంటుంది.

రెండేళ్ల పిల్లతో పందెం ఆడించడం పాపం కాదా?

మా అమ్మ ఫోన్లో అడిగిన ప్రశ్న ఇది. ఆమెకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. శరదృతువులో పిల్లను కొన్నాక చలికాలమంతా నెమ్మదిగా నడిపిస్తారు. మొదట పగ్గాలకు అలవాటు, తర్వాత బండికి అలవాటు, ఆ తర్వాతే దూరం. వసంతం చివర్లో క్వాలిఫైయర్ అనే పరీక్ష పరుగు ఉంటుంది. దానికి బహుమతీ ఉండదు, బెట్టింగూ ఉండదు. నిర్ణీత సమయంలో, నడక తప్పకుండా పూర్తి చేస్తేనే పందేలకు అనుమతి. వీపు మీద బరువుండదు కాబట్టి ఈ గుర్రాలు ఎక్కువ ఏళ్లు నిలుస్తాయి. నియమం ప్రకారం 14 ఏళ్ల వయసు దాకా పరుగెత్తొచ్చు.

కానీ ఒక విమర్శ న్యాయమైనదే. పెద్ద సొమ్మంతా రెండో ఏట, మూడో ఏటనే పెట్టడం వల్ల, సిద్ధంగా లేని పిల్లను కూడా తొందరపెట్టాలనే ఒత్తిడి ట్రైనర్ల మీద పడుతుంది. మంచి ట్రైనర్ "ఈ ఏడాది వద్దు, వదిలేయండి" అని చెప్పగలగాలి. అలా చెప్పిన మనిషిని మార్చకండి.

మందులు ఇస్తారని వింటాం. నిజమేనా?

జరిగింది. 2020 మార్చిలో న్యూయార్క్ ఫెడరల్ ప్రాసిక్యూటర్లు గుర్రాలకు నిషిద్ధ మందులు ఇచ్చారంటూ 27 మంది మీద కేసులు పెట్టారు. అందులో థరోబ్రెడ్ వాళ్లూ, హార్నెస్ వాళ్లూ ఉన్నారు. ఆ వార్త వచ్చిన రోజు మా గ్రూపులో ఎవరం ఏమీ రాయలేకపోయాం.

రాష్ట్రంలో పందెపు గుర్రాల నమూనాల పరీక్ష మోరిస్‌విల్‌లోని రాష్ట్ర కళాశాల ప్రాంగణంలో ఉన్న ప్రయోగశాలలో జరుగుతూ వచ్చింది. అంతకుముందు ఆ పని కార్నెల్‌లో ఉండేది. ఫెడరల్ స్థాయిలో థరోబ్రెడ్‌లకు 2022 నుంచి ఒకే జాతీయ నియంత్రణ సంస్థ వచ్చింది. హార్నెస్ గుర్రాలు దాని కిందికి రాలేదు, ఇప్పటికీ రాష్ట్రాల కమిషన్లే చూస్తున్నాయి. ప్రజల డబ్బుతో పర్సులు నింపుతున్నప్పుడు పరీక్ష ఇంకా కఠినంగా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. మోసం చేసి గెలిచిన ప్రతి పర్సూ నిజాయతీగా పెంచిన ఒక రైతు దగ్గర్నుంచి తీసుకున్నదే.

ఇతర రాష్ట్రాల్లోనూ ఇలాంటివి ఉన్నాయా?

ఉన్నాయి. పెన్సిల్వేనియా, ఒహాయో, న్యూజెర్సీ, ఇండియానా, కెంటకీ, డెలవేర్, ఇంకా కొన్ని. ఒహాయోలో కౌంటీ ఫెయిర్ సంప్రదాయం బాగా బలమైనది. లిటిల్ బ్రౌన్ జగ్ అనే ప్రసిద్ధ పేసింగ్ పందెం 1946 నుంచి అక్కడి డెలవేర్ కౌంటీ ఫెయిర్‌లోనే జరుగుతోంది. ఇవన్నీ ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. ఒక రాష్ట్రం పర్సు పెంచితే మంచి స్టాలియన్లు అటు వెళ్తాయి, వాటి వెనక ఆడ గుర్రాలు వెళ్తాయి.

ఇక్కడ నమోదైన పిల్ల బయట పరుగెత్తకూడదనే నియమమేమీ లేదు. న్యూయార్క్‌లో ఉన్న చాప్టర్ సెవెన్ కూతురు అట్లాంటా 2018లో న్యూజెర్సీలో జరిగిన హాంబుల్టోనియన్ పందెం (పైన చెప్పిన గుర్రం పేరు మీద పెట్టినదే) గెలిచింది. 1996 తర్వాత ఆ పందెం గెలిచిన మొదటి ఆడ గుర్రం అదే.

పథకం ఆగిపోతే ఏమవుతుంది?

ఊహించక్కర్లేదు, పక్కనే జరిగింది. కెనడాలోని ఒంటారియోలో రేస్‌ట్రాకులకు స్లాట్ మెషీన్ల రాబడిలో వాటా ఇచ్చే పథకాన్ని 2012లో రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు, 2013 మార్చి 31తో అది ముగిసింది. అప్పటికే చూలుతో ఉన్న ఆడ గుర్రాలకు, పొలంలో ఉన్న పిల్లలకు రాత్రికి రాత్రి విలువ పడిపోయింది. గుర్రం పంట మూడేళ్లకు చేతికొస్తుంది. ప్రభుత్వం ఏడాది నోటీసుతో ఆపితే మధ్యలో ఉన్న రెండు తరాల పిల్లలు నష్టపోతాయి. న్యూజెర్సీలో క్యాసినోల నుంచి వచ్చే సాయం ఆగాక పెంపకందార్లు పొరుగు రాష్ట్రాల వైపు చూశారు. చివరికి 2019లో అక్కడి ప్రభుత్వం ఏటా 2 కోట్ల డాలర్ల చొప్పున అయిదేళ్లు ఇచ్చేలా కొత్త చట్టం తెచ్చింది. పెన్సిల్వేనియాలో 2020లో గవర్నర్ అక్కడి గుర్రప్పందేల నిధిలోంచి సుమారు 20 కోట్ల డాలర్లు కళాశాల స్కాలర్‌షిప్పులకు మళ్లించాలని ప్రతిపాదించారు. అది నెరవేరలేదు.

స్కాలర్‌షిప్పులు మంచివి కావని ఎవరంటారు? పథకాన్ని మార్చాలనుకుంటే మార్చొచ్చు. కానీ కడుపులో ఉన్న పిల్ల పందెం వయసుకు వచ్చేదాకా గడువివ్వాలి. రైతుకు విత్తనం వేయించి, మొలక వచ్చాక నీళ్లు ఆపడం అన్యాయం.

మన దగ్గర ఇలాంటిది ఉందా?

భారతదేశంలో టర్ఫ్ క్లబ్బులు థరోబ్రెడ్ రేసులే నడుపుతాయి. ఆలోచనలో దగ్గరగా ఉన్నది వెతికితే నాకు ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీలు గుర్తొస్తాయి. ఆ పోటీల బహుమతి దాతలూ, ఊరి కమిటీలూ ఇస్తారు. పొలానికి ట్రాక్టర్ వచ్చాక కూడా కొన్ని ఇళ్లలో మేలుజాతి గిత్తలు మిగిలాయంటే ఆ పోటీల గౌరవం ఒక కారణం.

పందేలు అయిపోయాక గుర్రం ఎక్కడికి పోతుంది?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. అందరికంటే ముందు అడగాల్సింది ఇదే. స్టాండర్డ్‌బ్రెడ్ పాతికేళ్లు, ఇంకా ఎక్కువ కూడా బతుకుతుంది. పథకం సొమ్ము దాని జీవితంలో రెండేళ్లకే. మంచి ఆడ గుర్రాలు పెంపకానికి వెళ్తాయి. చాలా వాటిని ఆమిష్ కుటుంబాలు, అంటే కార్లు వాడకుండా గుర్రపు బండ్లలోనే తిరిగే ఒక క్రైస్తవ వర్గం వాళ్లు, బగ్గీలకు కొంటాయి. అక్కడ కొన్ని బాగా బతుకుతాయి, కొన్నిటికి చాకిరీ ఎక్కువ. కొన్నిటికి స్వారీ నేర్పించి కొత్త ఇళ్లకు దత్తత ఇస్తారు. న్యూ వొకేషన్స్ అనే సంస్థ 1992 నుంచి ఈ పని చేస్తోంది. స్టాండర్డ్‌బ్రెడ్ స్వభావం నెమ్మదిది, కొత్త పని త్వరగా నేర్చుకుంటుంది. దారీ తెన్నూ లేక వేలంలో తక్కువ ధరకు పోయేవి కూడా ఉన్నాయి. వాటి చివరి ప్రయాణం గురించి తెలుసుకున్నాక నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు.

పర్సులో అతి చిన్న వాటా తీసి ప్రతి నమోదైన గుర్రం పేరున విశ్రాంతి నిధిగా జమ చేయడం కష్టమైన పని కాదు. పుట్టుకకు డబ్బిచ్చే ప్రభుత్వం ముసలితనానికీ కొంత ఇవ్వాలి. మా ఆరుగురం మాత్రం మొదటి రోజే కాగితం మీద రాసుకున్నాం: గెలిచినా ఓడినా, పిల్లకు మంచి ఇల్లు దొరికేదాకా ఖర్చు అందరం భరిస్తాం. మీరు వాటా కొనేటప్పుడు ఇలాంటి వాక్యం ఒప్పందంలో ఉందేమో చూడండి. లేకపోతే రాయించండి.

మొదటిసారి చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

న్యూయార్క్ నగరం నుంచి గంటన్నరలోపు కారులో గోషెన్ వెళ్లొచ్చు. అక్కడి హిస్టారిక్ ట్రాక్ 1838 నుంచి ఉంది. పక్కనే హార్నెస్ రేసింగ్ మ్యూజియం. అక్కణ్నుంచి కొద్ది దూరంలో చెస్టర్‌లో హాంబుల్టోనియన్ సమాధి, దాని మీద నిలువు రాతి స్తంభం. వీలైతే ఉదయం తొందరగా వెళ్లండి. ఆ వేళ శిక్షణ గుర్రాలు ట్రాక్ మీద ఉంటాయి. కంచె దగ్గర నిలబడితే మొదట నాడాల చప్పుడు ఒకే తాళంలో వినిపిస్తుంది, తర్వాత చక్రాల సవ్వడి, ఆ వెనక మంచులోంచి గుర్రం కనిపిస్తుంది. పిల్లల్ని తీసుకెళ్లండి. లాయం దగ్గర ఎవరినైనా అడిగితే ముక్కు నిమరనిస్తారు. అడగకుండా మాత్రం చేయి పెట్టకండి.